తక్కువ రేటు మెకానిక్‌ను నమ్మవచ్చా? మా కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో కారు స్పేర్ పార్ట్స్ అమ్ముకుంటాను. సామాను కోసం వచ్చేవాళ్ళు సామాను కొనుక్కుని ఊరికే వెళ్ళరు. "ఫలానా షెడ్డులో ఇట్లా చెప్పిండు, నిజమేనా?" అని కూడా అడుగుతారు. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట నుంచి, అప్పుడప్పుడు జడ్చర్ల, మహబూబ్‌నగర్ నుంచి వచ్చే ఫోన్లలోనూ ఇవే అనుమానాలు. అందుకే రాసి పెడుతున్నాను. సామాను అమ్మేవాడి మాటలో వాడి లాభం కూడా ఉంటుందని మీరు అనుకుంటే తప్పు లేదు. నేను చెప్పినవన్నీ మీ బండితో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌తో ఒకసారి సరిచూసుకోండి.

షోరూంలో తొమ్మిది వేలు అంటున్నారు, బయట షెడ్డులో మూడు వేలకే సర్వీసు చేస్తామంటున్నారు. అంత తేడా ఎట్లా వస్తుంది?

కొంత తేడా న్యాయమైనదే. షోరూంకు అద్దె, స్టాఫ్, ఏసీ హాలు ఖర్చులుంటాయి. పైగా ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ క్లీనింగ్, ఏదో ఒక కోటింగ్ అంటూ మీరు అడగనివి బిల్లులో చేరతాయి. అవి వద్దని ముందే చెప్తే షోరూం బిల్లు కూడా బాగానే దిగుతుంది. షెడ్డుకు ఈ ఖర్చులేవీ లేవు కాబట్టి లేబర్ తక్కువ తీసుకున్నా గిట్టుబాటు అవుతుంది.

మిగతా తేడా సంగతి తెలియాలంటే ఒక కూడిక చేయండి. చిన్న పెట్రోలు కారుకు ఆయిల్ మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఆయిల్ ధర, ఆయిల్ ఫిల్టర్ ధర, ఎయిర్ ఫిల్టర్ ధర ఏదైనా షాపులో అడిగి రాసుకోండి. ఆ మొత్తమే షెడ్డులో చెప్పిన రేటు దాటిపోతుంటే, వాటిలో ఏదో ఒకటి మీ బండిలో పడటం లేదు. సీల్ డబ్బా ఆయిల్ బదులు డ్రమ్ములోంచి తీసిన లూజు ఆయిల్ పోస్తారు. ఎయిర్ ఫిల్టర్ మార్చకుండా గాలి కొట్టి మళ్ళీ పెట్టేస్తారు. "బ్రేకులు చూసినం అన్నా" అంటారు, చక్రం నట్ల మీద మాత్రం పానా పెట్టిన గుర్తే ఉండదు.

అయితే బయటి మెకానిక్ దగ్గరికి అసలు పోవద్దంటారా?

పోండి. నా వ్యాపారం నడిచేదే వాళ్ళ మీద. శబ్దం విని ఏ చక్రం బేరింగ్ పోయిందో చెప్పగలిగేవాళ్ళు నల్గొండలోనూ ఉన్నారు, పాలమూరులోనూ ఉన్నారు. షోరూంలో మీ బండి మీద చేయి పెట్టే పిల్లవాడు నిన్నగాక మొన్న చేరినవాడు కావచ్చు. అది మీకు కనపడదు, అద్దం గోడకు ఇవతల కూర్చోబెడతారు కాబట్టి.

బయట చేయించుకునే హక్కు గురించి పెద్ద కేసే నడిచింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా కట్టడి చేస్తున్నారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కేసు తర్వాత అప్పీళ్ళకు వెళ్ళింది, అది వేరే సంగతి.

భయపడాల్సింది తక్కువ రేటుకు కాదు. తనకు రాని పనిని ఒప్పుకుని, మీ బండి మీద నేర్చుకునేవాడికి భయపడాలి. అతను ఎక్కువ రేటు తీసుకున్నా నష్టం అంతే.

ఏ పనులు బయట చేయించవచ్చు, ఏవి వద్దు?

ఆయిల్ సర్వీసు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బ్యాటరీ, బెల్టు: చేయి తిరిగిన మెకానిక్ ఎవరైనా బాగానే చేస్తాడు.

ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ యూనిట్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది), ఆటోమేటిక్ గేర్‌బాక్సు, కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెజర్ పైపు నుంచి డీజిల్ పంపే పద్ధతి) డీజిల్ ఇంజెక్టర్ల పని మాత్రం ఆ పరికరాలు, ఆ అనుభవం ఉన్నచోటే చేయించాలి. సీవీటీ అనే ఒకరకం ఆటోమేటిక్ గేర్‌బాక్సులో మామూలు గేర్ ఆయిల్ పోస్తే గేర్‌బాక్సు చేతికి వస్తుంది. కామన్ రైల్ లైన్లో ప్రెజర్ 1,600 బార్ దాకా, కొన్నింట్లో అంతకు పైన ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా పైపు నట్టు లూజు చేసి చూసే పాత అలవాటు ఉన్నవాడి చేతికి ఆ బండి ఇవ్వకండి, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు హై వోల్టేజీవి. ఎలక్ట్రిక్ కార్లలో అది 300 వోల్టులు దాటి ఉండటం మామూలే. ట్రైనింగ్ లేనివాడు వాటిని ముట్టుకోకూడదు.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లు ఇంకో రకం. డస్టర్ డీజిల్‌కు బెల్టు ఉంటుంది, చాలా మారుతి ఇంజిన్లకు చైన్ ఉంటుంది. బెల్టు ఒక పన్ను అటూ ఇటూ కూర్చుంటే బండి లాగదు. ఇంకా తేడా వస్తే పిస్టన్లు వాల్వులకు కొట్టుకుని హెడ్డు పని పడుతుంది. "మీరు ఈ ఇంజిన్ బెల్టు ఇంతకుముందు ఎక్కించారా, లాకింగ్ టూల్ ఉందా?" అని అడగండి. అడిగినందుకు కోపం వచ్చేవాడైతే ఇంకో షెడ్డు చూసుకోండి.

పనితనం ఉన్నవాడిని మొదటిసారి చూసి ఎలా పోల్చుకోవాలి?

కౌంటర్ ఇవతల కూర్చుంటే ఇది కొంచెం తేలిక. పనివాడు వచ్చాడంటే బండి మోడల్, సంవత్సరం, పెట్రోలా డీజిలా, కావాలంటే ఛాసిస్ నంబర్ చెప్తాడు. పాత సామాను చేతిలో పట్టుకొచ్చి కొత్తదానితో పక్కపక్కన పెట్టి కొలుచుకుంటాడు. రానివాడు "స్విఫ్ట్‌ది ఏదో ఒకటియ్యి సేటూ, ఎక్కించి చూస్తం" అంటాడు. ఎక్కించి చూసే ఖర్చు మీదే.

షెడ్డులో మీరు చూడాల్సినవి వేరు. సమస్య చెప్పగానే బానెట్ ఎత్తేవాడి కంటే ప్రశ్నలు వేసేవాడు నయం: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, వేడెక్కాకా? బ్రేకు తొక్కితేనా, స్టీరింగ్ తిప్పితేనా? ఈ మధ్య ఎవరైనా ఏమైనా విప్పారా? ఆ తర్వాత మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వేసి వస్తాడు. ఈ రెండూ చేయకుండా "సెన్సర్ పోయింది, ఎనిమిది వేలు" అన్నాడంటే అది అంచనా మాత్రమే.

పనిముట్ల వైపు కూడా ఒక చూపు వేయండి. నట్టుకు సరిపోయే సాకెట్ పెడుతున్నాడా, కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పుతున్నాడా? జాకీ ఒక్కదాని మీదే బండి నిలబెట్టి కిందికి దూరుతున్నాడా, స్టాండ్లు వేశాడా? తన ప్రాణం గురించే పట్టించుకోనివాడు మీ చక్రం నట్ల బిగింపు ఏం పట్టించుకుంటాడు? విప్పిన బోల్టులు ఒక డబ్బాలో వేస్తే సరే. ఇసుకలో పడేస్తే పని అయ్యాక రెండు మిగులుతాయి, "అవి అవసరం లేదన్నా, కంపెనోడు ఊర్కె పెడ్తడు" అని సమాధానం కూడా వస్తుంది.

అన్నిటికంటే నేను నమ్మే గుర్తు ఒకటుంది. "ఇది నాకు రాదు, హైదరాబాద్ తీసుకుపోండి" అని ఎప్పుడైనా చెప్పాడా? చెప్పినవాడి నంబరు దాచుకోండి.

ఎండాకాలం బండి వేడెక్కుతోంది. థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. తీయించమంటారా?

వద్దు. మన జిల్లాల్లో ఎక్కువగా జరిగే తప్పు పని ఇదే. మే నెలలో నల్గొండ 45 డిగ్రీల దగ్గర కాగుతుంటే ఈ సలహా అందరికీ ముద్దుగానే వినపడుతుంది.

థర్మోస్టాట్ అనేది చిన్న వాల్వు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, చాలా బండ్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు పంపుతుంది. దాన్ని పీకేస్తే ఇంజిన్ తన పని వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, చలికాలం పొద్దున చేరకపోవచ్చు కూడా. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపుతుంది, మైలేజీ పడిపోతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్ళు రేడియేటర్ దాకా వెళ్ళకుండా ఇంజిన్లోనే తిరుగుతాయి. అప్పుడు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది. థర్మోస్టాట్ నిజంగానే పట్టేసి ఉంటే కొత్తది వేయించండి. చాలా కార్లకు అదేమంత ఖరీదైన సామాను కాదు.

అసలు కారణం చాలాసార్లు రేడియేటర్లో పోసిన నీళ్ళే. మన వైపు బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగు చూడండి, తెల్లటి పొర గట్టిగా పట్టి ఉంటుంది. అదే పొర రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. కూలెంట్ తగ్గిందని షెడ్డు పిల్లవాడు పక్కనున్న డ్రమ్ములోంచి మగ్గుతో పోసేది ఆ నీళ్ళే. ఒక ఎండాకాలం గడుస్తుంది. రెండోదానికి గొట్టాలు పూడుకుపోతాయి, వాటర్ పంపు రెక్కలు తుప్పు పడతాయి. మాన్యువల్లో చెప్పిన కూలెంట్ తెచ్చుకోండి. నీళ్ళు కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటరే కలపండి, మామూలుగా సగం సగం.

తర్వాత చూడాల్సింది రేడియేటర్ మూత. అది వ్యవస్థలో ప్రెజర్ నిలబెడుతుంది, అందుకే కూలెంట్ 100 డిగ్రీలకు మరగదు. మూత రబ్బరు పోతే కూలెంట్ పొంగి బయటపడుతుంది, బండి వేడెక్కుతుంది. అంత చిన్న మూత మార్చకుండా రేడియేటర్ మార్పించినవాళ్ళను చూశాను. ఫ్యాను సంగతి కూడా ఉంది. "డైరెక్ట్ ఇచ్చిన అన్నా" అని ఫ్యానుకు నేరుగా వైరు లాగుతారు. అది కీ తిప్పినప్పటి నుంచీ తిరుగుతూనే ఉంటుంది. అసలు చెడింది రిలేనా, సెన్సరా, ఫ్యూజా అన్నది ఎప్పటికీ తేలదు.

ఇవన్నీ దాటి వేడి వస్తుంటే ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాల చాయ రంగులోకి తిరిగితే కూలెంట్ కలుస్తోందని అర్థం, హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. బండి అక్కడే ఆపండి. ఇంకో పది కిలోమీటర్లు నెట్టుకొస్తే గ్యాస్కెట్ ఖర్చు హెడ్డు ఖర్చవుతుంది. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తిప్పకండి, మెకానిక్ చెప్పినా సరే.

ఇంజిన్ శబ్దం వస్తోందని చిక్కటి ఆయిల్ పోశాడు. శబ్దం తగ్గింది. మంచిదే కదా?

శబ్దం తగ్గింది, కారణం అట్లాగే ఉంది. ఇప్పటి చిన్న పెట్రోలు ఇంజిన్లకు 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి పలుచటి ఆయిళ్ళు రాసి ఉంటాయి. లోపలి దారులు, బేరింగుల సందులు దానికి తగ్గట్టు ఉంటాయి. వాటిలో 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ పైకి చేరడానికి ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువ జరిగేది సరిగ్గా ఆ కాసేపట్లోనే. ఇంజిన్‌ను డీజిల్ పోసి కడిగి శుభ్రం చేస్తానంటే కూడా ఒప్పుకోకండి.

డబ్బా మీరే కొని, మీ ముందే సీలు తీయించండి. ఖాళీ డబ్బా మూత చింపి ఇంటికి తెచ్చుకోండి. ఖాళీ డబ్బాలకు గిరాకీ ఉంది, ఎందుకో చెప్పనక్కర్లేదు.

బ్రేకు పని ఎవరైనా చేస్తారు కదా, అందులో పెద్ద విద్య ఏముంది?

ప్యాడ్లు ఎక్కించడం పెద్ద విద్య కాదు. ఎక్కించాక ఏం వదిలేశాడన్నదే అసలు సంగతి. క్యాలిపర్ పిన్నులు తీసి, తుడిచి, వాటికి వేయాల్సిన గ్రీజు వేయాలి. చాలామంది ఆ పని చేయరు. పిన్ను పట్టేస్తే ఒకవైపు ప్యాడు అరిగిపోతుంది, బండి బ్రేకు కొట్టినప్పుడు ఒక పక్కకు లాగుతుంది. రబ్బరు దగ్గర మామూలు గ్రీజు పూసేవాళ్ళు మరీ ప్రమాదం, రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోసినా అంతే. సీళ్ళన్నీ పాడై మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక 140కే మరిగే స్థితికి రావచ్చు. డాట్ 4కు ఆ లెక్క 230, 155. అందుకే చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. ఊళ్ళో తిరిగినంతకాలం తేడా తెలియదు. దేవరకొండ, డిండి మీదుగా గానీ, అచ్చంపేట, మన్ననూరు మీదుగా గానీ శ్రీశైలం వెళ్ళి, దోమలపెంట, ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు తెలుస్తుంది. వంపు వంపుకూ బ్రేకు తొక్కుతుంటే డిస్కు వేడి ఆయిల్‌కు ఎక్కుతుంది, పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఘాటు కింది గేర్‌లో దిగమని పెద్దవాళ్ళు చెప్పేది ఊరికే కాదు.

పని అయ్యాక షెడ్డు నుంచి కదిలేముందు పెడల్ తొక్కి చూడండి. పైనే గట్టిగా తగలాలి. రెండు మూడుసార్లు తొక్కితే గానీ గట్టిపడటం లేదంటే లైన్లో గాలి ఉండిపోయి ఉండవచ్చు. కొన్ని ఏబీఎస్ బండ్లలో ఆ గాలి తీయడానికి స్కానర్ కూడా కావాలి. మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి.

చెక్ ఇంజిన్ లైటు వచ్చింది. మెకానిక్ ఫోన్‌కు ఏదో కనెక్ట్ చేసి తీసేశాడు. మళ్ళీ వచ్చింది.

తీసేసింది లైటును, తప్పును కాదు. చవక బ్లూటూత్ స్కానర్లు ఇప్పుడు ఎవరైనా కొంటున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ స్కానర్‌లో వచ్చే కోడ్ చూపించేది ఏ కొలత తేడాగా ఉందన్నది మాత్రమే. ఆక్సిజన్ సెన్సర్ పేరుతో కోడ్ వస్తే సెన్సరే పోయిందని కాదు. ఎక్కడో గాలి లీకై ఉండవచ్చు, ఇంజెక్టర్ మురికి పట్టి ఉండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు. కోడ్ చూసి వరసగా సామాన్లు మార్చుకుంటూ పోయేవాడి దగ్గర మా షాపు గల్లా నిండుతుంది, మీ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. కోడ్ ఫొటో తీసి పెట్టమని అడగండి. "ఈ సామానే పోయిందని ఎట్లా తేల్చారు?" అని ఒక్క ప్రశ్న వేయండి.

లైటు వెలిగి ఉంటే ఒకరకం, మిణుకుతుంటే ఇంకోరకం. మిణుకుతూ ఇంజిన్ కుదుపుతుంటే బండి పక్కకు ఆపాలి.

ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది, 500కే తీసేస్తానన్నాడు.

బల్బు తీసేస్తాడు, లేదా రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ను మభ్యపెడతాడు. గుద్దుకున్న రోజు బ్యాగు తెరుచుకోదు. చేయించవద్దు.

పెద్ద హారన్, ఎక్కువ వెలుతురు లైట్లు పెట్టిస్తే ఏమన్నా అవుతుందా?

మామూలు హాలోజన్ హెడ్‌లైట్ బల్బు 60/55 వాట్లది. దాని స్థానంలో 100/90 వాట్ల బల్బు పెట్టి, రిలే లేకుండా పాత వైర్లకే కలిపితే హోల్డర్ కరుగుతుంది, వైరు పొర ఎండిపోతుంది. కంపెనీ వైరింగును కోసి, రెండు కొసలు మెలిపెట్టి, పైన టేపు చుట్టడం మన వైపు మామూలు. ఈ ఎండకు ఆ టేపు జిగురు ఎన్నాళ్ళు నిలుస్తుంది? కాలిపోయిన కార్లలో కొన్ని ఇట్లా మొదలైనవే. అట్లా కాలిన బండికి క్లెయిమ్ వేస్తే, వైరింగు కోసి పెట్టించిన సామాన్ల గురించి సర్వేయర్ అడుగుతాడు. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. అదే బండికి సరిపోయే కప్లర్ కిట్లు దొరుకుతాయి. వైరు కోయకుండా బిగుస్తాయి, ధర కొంచెం ఎక్కువ.

ఏటా ఎండాకాలం ఏసీ గ్యాస్ నింపించాల్సి వస్తోంది. అంతేనా?

అంతే కాదు. గ్యాస్ ఖర్చయ్యేది కాదు, ఏటా తగ్గుతోందంటే లీకు ఉంది. లీకు ఎక్కడో చూడకుండా నింపేవాడు మిమ్మల్ని వచ్చే ఏడాదికి బుక్ చేసుకుంటున్నాడు. సరైన పద్ధతిలో ముందు లీకు పరీక్ష, తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి గాలి, తేమ లాగడం, ఆ తర్వాత తూకం వేసి గ్యాస్ ఎక్కించడం ఉంటాయి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చేయి పెట్టి "చల్లగొస్తుంది" అని ఆపేసేవాడికి ఆ లెక్క అక్కర్లేదు. కొందరు చవకగా దొరికే మండే గ్యాసులు కలుపుతారు, అవి ఆర్-134ఏ (చాలా కార్ల ఏసీల్లో వాడే గ్యాస్) కోసం తయారైన వ్యవస్థలో ప్రమాదం. డబ్బా మీద పేరు చూడందే ఎక్కించనివ్వకండి.

డీజిల్ బండికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేస్తే పికప్ బాగుంటుందంటున్నారు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్6 డీజిల్ కార్లకు ఈ ఫిల్టర్ ఉంటుంది. పొల్యూషన్ పరికరాలు తీసేయడాన్ని చట్టం ఒప్పుకోదు, వారంటీ పోతుంది, కంప్యూటర్లో చేసిన మార్పు వల్ల వచ్చే కొత్త తిప్పలు ఉండనే ఉంటాయి. ఫిల్టర్ నిండిపోవడానికి మామూలు కారణం బండి ఎప్పుడూ ఊళ్ళోనే, బడి దాకా, బజారు దాకా తిరగడం. డీపీఎఫ్ లైటు ఒక్కటే వెలిగితే మాన్యువల్లో చెప్పినట్టు ఒకే వేగంతో హైవే మీద కాసేపు నడపండి. నల్గొండ నుంచి నార్కెట్‌పల్లి పోయి రావడం చాలాసార్లు సరిపోతుంది. దాంతోపాటు ఇంకో లైటు కూడా వెలిగితే షోరూంకు ఫోన్ చేయండి. ఆయిల్ కూడా ఈ ఫిల్టర్‌కు తగినదే పోయాలి, పాత డీజిల్ ఆయిల్ కాదు.

వరద నీళ్ళలో మునిగిన బండి. మెకానిక్ వచ్చి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూస్తానంటున్నాడు.

కొట్టనివ్వకండి. 2024 సెప్టెంబరు మొదట్లో కోదాడ వైపు వరద వచ్చినప్పుడు ఎన్నో బండ్లు నీళ్ళలో చిక్కుకున్నాయి. సిలిండర్లోకి నీళ్ళు పోయి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునగడం వల్ల జరిగిన నష్టానికి, థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే, ఇన్సూరెన్స్ ఉంటుంది. మునిగాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పోతే, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేని మామూలు పాలసీలో దాన్ని వేరే నష్టంగా చూసి కొట్టేస్తారు. బ్యాటరీ తీసి, ఫొటోలు తీసుకుని, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, బండిని ఎత్తించి పంపండి.

యాక్సిడెంట్ అయింది. షోరూం లెక్కలో సగానికే డెంటింగ్, పెయింటింగ్ చేస్తానంటున్నాడు.

డోరు సొట్టకైతే సరే. బండి ముందువైపు ఛాసిస్ రైలు, పిల్లర్, సస్పెన్షన్ బిగించే చోటు వంగితే మాత్రం కొలిచి లాగే ఫ్రేమ్ ఉన్నచోటే చేయించాలి. సుత్తి దెబ్బలతో దారికి తెచ్చి లప్పం పెట్టి రంగు వేస్తే చూడటానికి కొత్త బండే. తర్వాతి దెబ్బకు ఎక్కడ మడతపడుతుందో ఎవరూ చెప్పలేరు. బట్ట చుట్టిన అయస్కాంతం ఆనించి చూడండి, లప్పం మందంగా ఉన్నచోట పట్టదు. ప్లాస్టిక్, అల్యూమినియం భాగాల మీద ఈ పరీక్ష పనిచేయదు. వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ తీశాడో లేదో గమనించండి.

డూప్లికేట్ సామాను ఎట్లా కనిపెట్టాలి?

ముందు ఒక తేడా చెప్పాలి. కంపెనీ పేరుతో వచ్చే బాక్సు ఒకటి, అదే కంపెనీకి సామాను సరఫరా చేసేవాళ్ళు తమ పేరుతో అమ్మేది ఇంకోటి. రెండోది ధర తక్కువ, క్వాలిటీ చాలావరకు అదే. పేరు తెలియని లోకల్ మాల్ మూడోది. పక్కవాడి పేరు ముద్ర వేసుకున్నది నాలుగోది, డూప్లికేట్ అంటే అసలు అదే. మొదటి రెండూ వాడుకోండి.

బాక్సు మీద ఎంఆర్‌పీ, పార్ట్ నంబర్, తయారైన నెల ఉంటాయి. పార్ట్ నంబర్ మీ ఛాసిస్ నంబర్‌కు సరిపోతుందో లేదో అడిగితే మంచి షాపు చూసి చెప్తుంది. అచ్చు మసకగా ఉన్నా, హోలోగ్రామ్ గీకితే జిగురు ఊడినా, అదే సామాను బయట సగం ధరకు దొరుకుతున్నా ఆగండి. సికింద్రాబాద్‌లోని స్పేర్ పార్ట్స్ బజారు రాణిగంజ్ నుంచి తెప్పించానన్న మాట గ్యారంటీ కాదు, అక్కడ అన్ని రకాలూ దొరుకుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం జీఎస్టీ ఉన్న కారు విడిభాగాలు 18 శాతానికి దిగాయి, పాత ధర చెప్తే ఆ సంగతి గుర్తు చేయండి.

మెకానిక్‌కు షాపుల నుంచి కమీషన్ ఉంటుంది. దాచేదేమీ లేదు, ఈ వ్యాపారం అట్లాగే నడుస్తుంది. కమీషన్ ఎక్కువ ఇచ్చే సామానే మీ బండికి మంచిదని చెప్పినప్పుడే తంటా. సామాను మీరే తెస్తానంటే కొందరు లేబర్ కొంచెం పెంచుతారు. అది న్యాయమే, ఇచ్చేయండి.

పని చేస్తున్నంతసేపు పక్కనే నిలబడాలా?

అక్కర్లేదు. రోజంతా నిలబడితే అతనికీ చేయి ఆడదు. పనికి ముందు ఏమేం చేస్తారో, ఎంతవుతుందో వాట్సాప్‌లో రాయించుకోండి. "నన్ను అడగకుండా కొత్తగా ఏదీ మార్చొద్దు" అని అందులోనే చెప్పండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. కిలోమీటర్ల రీడింగ్ ఫొటో తీసి పెట్టుకోండి.

వారంటీ ఉన్న బండి బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందా?

వారంటీ బుక్కు చదవండి, ఒక్కో కంపెనీది ఒక్కో షరతు. ఆ గడువు ఉన్నంతకాలం నేనైతే షోరూంలోనే చేయిస్తాను. ఇంజిన్ గొడవ వచ్చినప్పుడు "మీరు బయట చేయించారు" అన్న మాట వాళ్ళకు దొరకకూడదు.

విజయవాడ హైవే మీద రాత్రి బండి ఆగిపోయింది. ఎవరో వచ్చి చూస్తానంటున్నారు.

ముందు 1033కు ఫోన్ చేయండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది. జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద కూడా అదే నంబరు. ఏ టోల్ గేట్ దాటారో చెప్తే, పంతంగి అయినా కొర్లపహాడ్ అయినా, వాళ్ళకు చోటు తెలుస్తుంది. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి, చాలామంది డబ్బు కట్టి మర్చిపోతారు. దారిన దొరికినవాడు టైరు మార్చడం, బ్యాటరీకి జంప్ ఇవ్వడం వరకు ఫర్వాలేదు, రోడ్డు పక్కన చీకట్లో ఇంజిన్ విప్పనివ్వకండి. ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాగించవద్దు, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించండి.

పని చెడగొట్టాడు, అడిగితే తప్పించుకుంటున్నాడు. ఏం చేయాలి?

మొదట బండిని ఇంకెవరూ ముట్టుకోకుండా ఆపండి. రెండో మెకానిక్ విప్పేశాక మొదటివాడు "నేనిచ్చినప్పుడు బాగానే ఉంది" అంటాడు. పేరున్న ఇంకో వర్క్‌షాపులో చూపించి, ఏం చెడింది, ఎందుకు చెడింది అన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. బిల్లు, యూపీఐ చెల్లింపు, వాట్సాప్ మాటలు, ఫొటోలు ఒకచోట పెట్టి అతనికి లిఖితంగా నోటీసు పంపండి. చాలా గొడవలు ఇక్కడే సర్దుకుంటాయి.

సర్దుకోకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్ళలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. బిల్లు లేకుండా చేయించుకున్న పనికి ఇవన్నీ కష్టం. "బిల్లు లేకుంటే ఇంకో అయిదొందలు తగ్గిస్త" అన్నప్పుడు మీరు అమ్ముకుంటున్నది ఈ హక్కునే.

మెకానిక్ చేసిన తప్పుకు ఇన్సూరెన్స్ ఇస్తుందేమో అని కూడా అడుగుతుంటారు. అరుగుదల, యంత్రం దానంతట అది చెడిపోవడం మామూలు పాలసీలో రావు.

మా మేనబావమరిది కొత్తగా షెడ్డు పెట్టాడు. అతని దగ్గర చేయించకపోతే ఇంట్లో బాగుండదు.

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, ఎక్కువమంది అడిగేది కూడా. ఆయిల్ మార్చడం, వైపర్లు, బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ అతనికే ఇవ్వండి. అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి. ఆయిల్ డబ్బా మాత్రం మీరే తీసుకెళ్ళండి. బ్రేకు పని ఇస్తే పక్కన ఉండి పెడల్ చూసుకోండి. ఇంజిన్, గేర్‌బాక్సు దించే పని వచ్చిందంటే, వారంటీ ఉందని షోరూంలోనే చేయించమన్నారని చెప్పండి. వారంటీ ఎప్పుడు అయిపోయిందో అతనికి తెలిసే అవకాశం తక్కువ, బండి కాగితాలు మీ దగ్గరే ఉంటాయి కదా.